గోడ మీద మూడుసార్లు

అయనావరంలో ఇది మాకు నాలుగో అద్దిల్లు.
మొదటి ఇంటాయన "మీ పాప అరుపులకి మా అమ్మకి బీపీ" అన్నాడు.
రెండో ఆయన ఏమీ అనలేదు,
కరెంటు యూనిట్‌కి రేటు పెంచాడు.
మూడో ఇంటి నుంచి మేమే వచ్చేశాం,
అనిపించుకోకముందే.

సుగుణకి పదమూడేళ్లు. మా అమ్మ పేరు.
మాటలు పాతిక దాకా ఉన్నాయి,
అందులో పది తిండివి, ఒకటి "చాలు".
ఫ్యాన్ నీడ గోడ మీద తిరిగితే నవ్వుతుంది,
గోరువెచ్చని అన్నం మీద అరచేయి ఆనించి
అలాగే ఉండిపోతుంది చాలాసేపు.
మిక్సీ, కుక్కర్ విజిల్, గ్రైండర్
దానికి శబ్దాలు కావు,
పచ్చిపుండు మీద ఉప్పుకాగితం.
కోచ్ ఫ్యాక్టరీ రంగుల షాపులో నా పని,
ఉప్పుకాగితం సంగతి నాకు తెలుసు.

పక్క పోర్షన్‌లో సెల్వమణి మావు అమ్ముతుంది.
ఇడ్లీ పిండిని ఇక్కడ మావంటారు.
తెల్లారి నాలుగున్నరకి ఆమె గ్రైండర్ లేస్తుంది,
సుగుణ లేస్తుంది,
వీధి లేస్తుంది.

వారం రోజులు నేను తలుపు తియ్యలేదు.
బెల్లు కొట్టిన ప్రతి వేలూ
ఖాళీ చెయ్యమనే అనుకున్నాను.
ఎనిమిదో రోజు మా ఆవిడ తీసింది.
గుమ్మంలో సెల్వమణి, మోచేతుల దాకా పిండి,
తమిళంలో ఒక్కటే అడిగింది:
"ఏ టైముకి వెయ్యమంటావు?"

నాకు జవాబు రాలేదు.
పదమూడేళ్లుగా అందరూ మమ్మల్ని అడిగింది
ఎందుకిలా, ఎవరి వైపు నుంచి, ఏ గుడికి వెళ్లారు.
టైము ఎవరూ అడగలేదు.

"టైము కాదక్కా," అంది మా ఆవిడ,
"చెప్పకుండా వచ్చిపడుతుందే, అదీ."

ఆ మర్నాటి నుంచి
గోడ మీద మూడుసార్లు తడుతుంది, అరచేత్తో.
ఆగుతుంది.
సుగుణ మంచం దిగి, దుప్పటి చెవులకి చుట్టుకుని,
బియ్యం డబ్బా పక్కన మూల చూసుకుని కూర్చుంటుంది.
అప్పుడు గ్రైండర్.

అరుపులు పోయాయని రాయను.
పోయిన మంగళవారం వాళ్లమ్మ మణికట్టు కొరికింది.
గ్రైండర్ వల్ల కాదు. దేనివల్లో
ఇంకా తెలియదు.

ఆదివారాలు విల్లివాక్కంలో
కార్పొరేషన్ బడి బెంచీల మీద
మోకాళ్లు గడ్డాలకి తగిలేలా కూర్చుంటాం, ఇరవై కుటుంబాలం.
పరంధామయ్య గారి అబ్బాయికి ముప్పై ఒకటి,
గది చుట్టూ తిరుగుతూనే ఉంటాడు,
ఎవరూ కూర్చోమనరు.
నసీమా గారు వస్తూనే ట్యూబ్‌లైట్ ఆర్పేస్తారు,
దాని గుయ్‌మనే మోత వాళ్లబ్బాయికి పడదు.
ఆ మోత నాకు అప్పటిదాకా వినపడలేదు.
నలభై ఆరేళ్లొచ్చినవాణ్ణి.

మొదటి ఆదివారం నేను మాట్లాడలేదు,
రెండు బోండాలు తిన్నాను.
పరంధామయ్య మూడోది నా కాగితంలో వేసి
"నేనూ మొదట్లో వీటికే వచ్చేవాణ్ణి" అన్నాడు.

ఇంటికొస్తూ బస్సులో గుర్తొచ్చింది.
నా చొక్కాల మెడ వెనక లేబుల్
మా అమ్మ, ఆ మొదటి సుగుణ,
బ్లేడుతో కోసేసేది, కొత్త చొక్కా కొన్న రోజే.
ఎందుకని నన్నెప్పుడూ అడగలేదు.
నేనూ చెప్పలేదు.

పిండి డబ్బులివ్వడానికి ఓసారి సెల్వమణి ఇంటికెళ్లాను.
ఆవిడ వైపు గోడ అదే మొదటిసారి చూడటం.
భుజమెత్తున, ఒకదాని మీద ఒకటి
ఎండిన తెల్లటి అరచేతులు.
"కడుగుదామంటే మళ్లీ తెల్లారుతుంది" అని నవ్వింది.

డిసెంబరు వానలో ఒక పొద్దున కరెంటు పోయింది.
నాలుగున్నర. నాలుగు నలభై.
గోడ పలకలేదు.
సుగుణ దుప్పటి చుట్టుకుని సిద్ధంగా ఉంది,
దుప్పటి విప్పింది,
మళ్లీ చుట్టుకుంది.
లేచి వెళ్లి గోడకి చెవి ఆనించింది,
తర్వాత తట్టింది.
ఒకటి. రెండు.
మూడోది చాలాసేపటికి.

అవతల నుంచి నిద్రగొంతు:
"కరెంటు లేదు కణ్ణు, రాగానే చెప్తా."

ఆరింటికి వచ్చింది.
ఆవిడ తట్టింది, ఇది తట్టింది,
గ్రైండర్ అందుకుంది.
గోడ పక్కనే నిలబడిపోయాను,
ఆ పూట షిఫ్టుకి ఆలస్యం.